కారు చక్రాల మీద చేపల బండి



పోయిన నెల ఇక్కడ ఏమీ రాయలేకపోయాము. ఒంట్లో బాగలేదా అయ్యగారూ అని కొందరు ఫోను చేసి అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. మనసులో ఒక బండి ఇరుక్కుపోయింది, అది కదిలేవరకు వేరే వాక్యం రాలేదు. ఈసారి ఆ బండి సంగతే రాస్తున్నాము. ఇందులో తప్పు మాది. మా తప్పు మేమే ముందుగా చెప్పుకుంటే మీరు వేరేచోట వినే పని ఉండదు.

మా సంఘంలో ఒక సహోదరుడు ఉన్నాడు. ఈ సంగతి రాస్తామంటే సరేనన్నాడు కానీ పేరు వద్దన్నాడు. "పేరేస్తే ఊరంతా అరువు అడుగుతారు అయ్యగారూ" అన్నాడు. ఆయన తల్లిదండ్రులు శ్రీశైలం డ్యాము కట్టే రోజుల్లో కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు. సున్నిపెంటలో సగం మంది కథ అదే. డ్యాము పూర్తయింది, క్వార్టర్లు పాతబడ్డాయి, మనుషులు మిగిలారు. ఈయనకు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడి కాలు చచ్చుబడింది. ఎడమ కాలు బలంగానే ఉంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014లో పోలియో లేని దేశమని ధ్రువీకరించారు. దేవునికి స్తోత్రం. అయితే ఆ జబ్బు పోయినా అది వచ్చినవాళ్లు మన మధ్యే వయసు పెరుగుతున్నారు. మా సండేస్కూలు పిల్లలు ఆయన కాలు చూసి "యాక్సిడెంటా మామా?" అని అడుగుతారు. పోలియో అంటే వాళ్లకు చుక్కల మందు మాత్రమే.

ఆయన బతుకుదెరువు చేపలు. తెల్లవారుజామున లింగాలగట్టు దిగి, పడవల వాళ్ల దగ్గర బొచ్చెలు, జెల్లలు కొని, ఐసు వేసుకొని ఘాట్ ఎక్కి వచ్చి సున్నిపెంట వీధుల్లో అమ్ముకుంటాడు. పైన శ్రీశైలం క్షేత్రంలో మాంసాహారం అమ్మకూడదు కనుక అటు వెళ్లడు. ఎవరైనా యాత్రికులు ఆపి అడిగినా "అక్కడ వద్దు సామీ, ఇక్కడే తినిపోండి" అని మర్యాదగా చెప్తాడు.

ఆయన బండిని చూస్తే మీరు గుర్తుపడతారు. మన పల్లెల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించేదే. ముందు సగం 100 సీసీ మోటారుసైకిలు. వెనక సగం కోసేసి, ఇరుసు బిగించి, రెండు చక్రాలు, పైన ఇనుప తొట్టి. కాయగూరలకు, ప్లాస్టిక్ బిందెలకు, నీళ్ల క్యాన్లకు ఇలాంటివే వాడతారు. ఈయన బండికి వెల్డింగ్ షాపులో ఇంకో మార్పు చేశారు. మోటారుసైకిలుకు వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటుంది కదా, ఆ కాలు పనిచేయదు కనుక దానికి ఒక లివరు పెట్టి ఎడమ చేతి దగ్గరకు తెచ్చారు. అంటే ఎడమ చేతికి క్లచ్చూ బ్రేకూ రెండూ ఉన్నాయి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మాకు పదేళ్లుగా ఆ బండి తెలుసు, దాని మీద ప్రార్థన చేసి నూనె కూడా రాశాము, కానీ ఎడమ చేతికి రెండు పనులు ఉన్నాయన్న సంగతి మాత్రం ఆగస్టు నెల వరకు మాకు తెలియదు.

వెనక చక్రాలు ఆటోవి. చిన్నవి. ఘాట్ రోడ్డు మీద గుంటలో పడితే లోపలికి దిగిపోయేవి. పోయిన వేసవికి టైర్లు నున్నగా అరిగిపోయాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం ముందు ఆయన పంక్చరు వేసుకుంటుంటే చూశాము. ఎండ మండుతోంది. ఆయన నేల మీద కూర్చుని, చచ్చుబడ్డ కాలిని చేత్తో పక్కకు జరుపుకుంటూ టైరు విప్పుతున్నాడు. మాకు కడుపు తరుక్కుపోయింది. ఆ రాత్రే అమ్మగారితో అన్నాము, ఈ బండికి కారు చక్రాలు వేయిద్దామని.

ఆ ఆలోచన మాకు దేవుడే ఇచ్చాడనుకున్నాము. అంత బాగా కుదిరింది. కర్నూలులో ఒక విశ్వాసి తన చిన్న కారు టైర్లు మార్పించుకుంటూ, "పాతవి ఇంకా సగం ఉన్నాయి అయ్యగారూ, ఎవరికైనా పనికొస్తాయా?" అని ఫోను చేశారు. రిమ్ములతో సహా రెండు పంపారు. రూపాయి ఖర్చు లేదు. బిగింపు కూలి సంఘం కానుకల నుండి ఇచ్చాము. ఆటో హబ్బుకు కారు రిమ్ము కూర్చోదు, బోల్టుల లెక్క వేరు. వెల్డింగ్ షాపు కుర్రాడు మధ్యలో ఇనుప బిళ్ళ పెట్టి, కొత్త రంధ్రాలు వేసి బిగించాడు.

ఈస్టరు తర్వాతి ఆదివారం బండిని మందిరం ముందు నిలబెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేశాము. నిజం చెప్పాలంటే బండి అందంగా ఉంది. వెనక భాగం ఎత్తు పెరిగి చిన్న జీపులా కనబడింది. యవ్వనస్థులు ఫోటోలు తీశారు. మేమూ ఒక ఫోటోలో నిలబడ్డాము, తొట్టి మీద చెయ్యి వేసి. ఆ ఫోటో ఇప్పుడు చూడబుద్ధి కాదు.

సహోదరుడు బండి చుట్టూ కర్ర పట్టుకొని ఒకసారి తిరిగాడు. "ఎక్కేటప్పుడు లాగుతాదా అయ్యగారూ?" అన్నాడు.

"కారునే లాగిన చక్రాలు, నీ చేపలను లాగవా?" అన్నాము. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మళ్లీ అడగలేదు.

కారును చక్రాలు లాగవు, ఇంజను లాగుతుంది. ఈ మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఇచ్చే చెయ్యి పైన ఉన్నప్పుడు నోటికి ఏ మాట వస్తే అదే జ్ఞానం అనిపిస్తుంది.

తర్వాత నాలుగు నెలలు ఆయన ఏమీ చెప్పలేదు. క్లచ్చు ప్లేట్లు ఒకసారి మార్చుకున్నాడని, ఎత్తు దగ్గర రెండో గేరుకు బదులు మొదటి గేరులోనే మూలుగుతూ వస్తున్నాడని, క్రేట్లు తగ్గించుకున్నాడని తర్వాత తెలిసింది. రెండు ట్రిప్పులు తిరిగే మనిషి ఒక ట్రిప్పు తిరిగాడు. ఆదాయం తగ్గింది. అయినా ప్రతి ఆదివారం దశమ భాగం కవరులో వేశాడు. ఆ కవరు పలచబడటం మేము గమనించాము. గమనించి, ఆయన కోసం ప్రార్థించాము. ఎందుకు అని మాత్రం అడగలేదు.

ఆగస్టులో వరద వచ్చి డ్యాము గేట్లు ఎత్తారు. ఈ ప్రాంతం ఎరిగినవారికి ఆ రోజులు ఎలా ఉంటాయో తెలుసు. హైదరాబాదు వైపు నుండీ దోర్నాల వైపు నుండీ కార్లు, బస్సులు దిగబడతాయి. లింగాలగట్టు నుండి పైకి బండి వెనక బండి. సెల్ఫీ కోసం ఒకడు ఆగితే వెనక రెండు మైళ్లు ఆగాలి. చేపలకు మాత్రం మంచి గిరాకీ. సహోదరుడు ఆశపడి ఆ రోజు తొట్టి నిండా వేసుకున్నాడు. ఆశపడ్డాడని తప్పు పట్టకండి, నాలుగు నెలల నష్టం ఉంది ఆయనకు.

మలుపు దగ్గర ముందున్న కారు ఆగింది. ఈయనా ఆగాడు. కారు కదిలింది. ఈయన కదలాలి.

మాకు తర్వాత ఆయనే చూపించాడు, మా ఇంటి వసారాలో కుర్చీలో కూర్చుని, గాలిలో చేతులు పెట్టి. ఎత్తు మీద ఆగిన బండిని కదిలించాలంటే వెనక బ్రేకు పట్టి ఉంచాలి, క్లచ్చు మెల్లగా వదలాలి, కుడి చేత్తో యాక్సిలరేటరు ఇవ్వాలి. ముందు బ్రేకు పనికిరాదా అంటే, ఎత్తులో బరువంతా వెనక్కి వాలి ముందు చక్రం తేలికైపోతుంది, పట్టు ఉండదు. కాబట్టి ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్చు మీద, మిగతా రెండు వేళ్లు బ్రేకు మీద. ఒకటి వదులుతూ ఇంకొకటి బిగించాలి. పాత చక్రాలతో ఇది రోజూ చేసేవాడు. హార్మోనియం వాయించినట్టు వేళ్లు ఆడించి చూపించాడు. కొత్త చక్రాలతో ఆ రోజు క్లచ్చు వదిలితే పొగ వచ్చింది, బండి కదలలేదు. బ్రేకు ఎంత పట్టినా నిలవలేదు. వెనక్కి జారింది. వేరే మనిషైతే దూకేస్తాడు, లేదా కాలు ఆన్చి ఎవరినైనా పిలిచి చక్రం కింద రాయి పెట్టిస్తాడు. ఈయన దూకలేడు. హ్యాండిలు తిప్పి, వెనక చక్రాన్ని కావాలనే కొండ వైపు కాలువలోకి తోశాడు. అవతలి వైపు లోయ. బండి ఒరిగింది. తొట్టి అంచు తగిలి ఎడమ మణికట్టు విరిగింది. చేపలు రోడ్డు మీద పడ్డాయి. కార్లలో వాళ్లు దిగి ఆయనను లేపి కూర్చోబెట్టారు, కొందరు చేపలు ఏరి ఇచ్చారు, కొందరు ఏరుకొని పోయారు. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం.

మేము ఆసుపత్రికి వెళ్లేసరికి కట్టు వేస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఆయన మొదట అన్న మాట, "టైర్లకేం కాలేదు అయ్యగారూ. మీరిచ్చినవి కదా, చూసుకున్నా" అని.

అమ్మగారు బయటికి వెళ్లి ఏడ్చారు. మేము అక్కడే నిలబడ్డాము. ప్రార్థన చేయమని ఎవరో అన్నారు. ఏమి ప్రార్థించామో గుర్తు లేదు.

బండిని ఊళ్లోనే ఉన్న ఒక పెద్దాయన మెకానిక్ దగ్గరకు తోయించాము. నుదుట విభూతి రేఖలతో ఉంటాడు, మల్లన్న భక్తుడు. మమ్మల్ని ఫాదర్ అంటాడు. మేము ఫాదర్ కాము, పాస్టరు అని ఎన్నిసార్లు చెప్పినా "అదేలే ఫాదర్" అంటాడు. ఆయన బండి చుట్టూ తిరగలేదు. నేరుగా వెళ్లి టైరు పక్కన గొంతుక్కూర్చుని, పక్కగోడ మీద బురద తుడిచి, "చదువు ఫాదర్" అన్నాడు.

145/80 ఆర్ 12 74 టి అని ఉంది. ఇన్నేళ్లలో టైరు మీద ఉన్నది మేము ఎప్పుడూ చదవలేదు. ఆయన చెప్పాడు. వెడల్పు 145 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో నూటికి 80 వంతులు, అంటే 116. ఆర్ అంటే రేడియల్. 12 అంటే రిమ్ము 12 అంగుళాలు. 74 అంటే 74 కిలోలు కాదు, అదొక గుర్తు, పట్టికలో చూస్తే ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుందని అర్థం. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుంది.

"ఈయప్ప 190లో చేపలమ్ముతాడా?" అన్నాడు.

తర్వాత నేల మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. కారు చక్రం అడ్డంగా దాదాపు 54 సెంటీమీటర్లు. పాత ఆటో చక్రం 4.00-8, దాదాపు 41. పాతది ఒక చుట్టు తిరిగితే బండి 1.3 మీటర్లు కదిలేది. ఇది తిరిగితే 1.7 మీటర్ల దాకా పోవాలి. ఇంజను అదే, చైను అదే, పళ్ల చక్రం అదే. అంటే ప్రతి చుట్టుకూ ఆ చిన్న ఇంజను దాదాపు మూడో వంతు ఎక్కువ దూరం బరువును లాగాలి. చదునైన రోడ్డు మీద దొర్లుతుంది. ఘాట్‌లో చస్తుంది. బ్రేకు కూడా అంతే. డ్రమ్ము పాతదే, చక్రం పెద్దదైంది, కాబట్టి అదే చేతి బలానికి పట్టు ఐదో వంతు పైగా తగ్గింది. పైగా బిళ్ళ పెట్టి బిగించినందువల్ల చక్రాలు బయటికి జరిగి బేరింగుల మీద భారం పడింది. కారులో పెట్టే గాలే ఇందులోనూ పెట్టారు, బండి తేలిక కనుక ఖాళీగా ఉన్నప్పుడు బంతిలా ఎగిరింది.

"అయితే కారు టైరు మూడు చక్రాల బండికి పనికిరాదా?" అని అడిగాము.

"పనికొస్తాది. ఎవురన్నారు పనికిరాదని?" అన్నాడు, కొంచెం కోపంగా. రెండు చక్రాల బండి మలుపులో పడుకుంటుంది, అందుకే దాని టైరు అంచు గుండ్రంగా ఉంటుంది. మూడు చక్రాల బండి పడుకోదు, నిలబడే తిరుగుతుంది. అప్పుడు టైరు చదునుగా ఉండాలి, పక్క బలానికి ఆగాలి. గుండ్రటి టైరు వేస్తే నడిమధ్య గీత అరిగిపోతుంది. ఆ మాట వరకు కారు టైరు మంచిదే. కానీ పెద్ద చక్రం వేసేవాడు పళ్ల చక్రం మార్చాలి, బ్రేకు పెంచాలి, ఇరుసు చూడాలి, గాలి తగ్గించాలి. ఇవేవీ చేయకుండా టైరు ఒక్కటే మార్చి దండ వేస్తే ఎట్లా అన్నాడు. దండ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో. ఫోటో చూసి ఉంటాడు.

చట్టం సంగతి కూడా ఆయనే చెప్పాడు, మేము తర్వాత అడిగి తెలుసుకున్నాము. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. వికలాంగుల కోసం చేసే మార్పులకు దారి ఉంది, కానీ అనుమతి తీసుకొని నమోదు చేయించాలి. మేము ప్రార్థన చేసి బిగించామే తప్ప ఎవరినీ అడగలేదు.

అడగలేదు అన్న మాట దగ్గరే ఆ వారమంతా ఆగిపోయాము. సౌలు కవచం వేసుకొని దావీదు నడవలేకపోయిన సంగతి మేము ఎన్ని ఊళ్లలో బోధించామో లెక్క లేదు. పెద్దవాళ్ల కవచం చిన్నవాడికి నప్పదని చెప్పి కూర్చోబెట్టేవాళ్లము. ఆ కవచం తొడిగినవాడు సౌలు కదా, వాడి వైపు నుండి ఎప్పుడూ చదవలేదు. పాపం ఆయనా మంచి మనసుతోనే ఇచ్చి ఉంటాడు.

అంతకంటే ఎక్కువగా మెఫీబోషెతు గుర్తొచ్చాడు. రెండు కాళ్లూ కుంటివాడు, రాజు బల్ల దగ్గర భోజనం చేశాడు అని రెండవ సమూయేలు 9వ అధ్యాయం వరకు చదివి మూసేస్తాము. మందిరంలో పాటలు కూడా అక్కడివరకే. 19వ అధ్యాయంలో అదే మనిషి మళ్లీ వస్తాడు. రాజు యెరూషలేము విడిచి పారిపోయినప్పుడు నువ్వెందుకు రాలేదని అడిగితే, తాను కుంటివాడు గనుక గాడిదకు గంత కట్టించి ఎక్కి వద్దామనుకున్నానని, పనివాడు మోసం చేశాడని చెప్పుకుంటాడు. ఆ గాడిద లేకపోతే ఆయన ఎక్కడికీ కదలలేడు. బల్ల మీద అన్నం ఎవరైనా పెడతారు. గాడిద మాత్రం ఆయనకు కాళ్లు. సీబా దాన్ని చెడు బుద్ధితో తీసుకుపోయాడు, మేము మంచి బుద్ధితో తీసుకుపోయాము. కాలినడకన మిగిలిన మనిషికి తేడా ఏముంది?

ఇంకొకటి ఈమధ్యే చదివాము. గాలి నింపిన టైరును వాడుకలోకి తెచ్చిన డన్‌లప్ అసలు పశువుల డాక్టరు. స్కాట్లాండులో పుట్టి బెల్‌ఫాస్ట్‌లో ఉండేవాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన మొదట ఆ టైరు చేసింది కారుకు కాదు, తన కొడుకు తొక్కే మూడు చక్రాల సైకిలుకు. పిల్లవాడు రాళ్ల వీధిలో కుదుపులు పడుతుంటే చూసి చేశాడు. మన పల్లెల్లో టైర్ల ఎద్దుబండిని డన్‌లప్ బండి అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పేరు వెనక మూడు చక్రాల మీద కూర్చున్న ఒక పిల్లవాడు ఉన్నాడని మాకు తెలియదు.

సహోదరుడికి చెయ్యి కట్టు విప్పడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలు ఆయన ఇంటికి బియ్యం సంఘమే ఇచ్చింది, అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, అప్పు. ఈలోగా మేము ఆయన ఇంటికి వెళ్లి, చాప మీద కూర్చుని, "బండికి ఏం కావాలో నువ్వు చెప్పు, మేము రాసుకుంటాము" అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టాడు. చక్రాలు పాత కొలతవే, కానీ కొత్తవి. చేతి బ్రేకు నొక్కి వదిలేస్తే అక్కడే నిలిచేలా ఒక కొక్కెం, అప్పుడు ఎడమ చెయ్యి క్లచ్చుకు ఖాళీ అవుతుంది. కర్ర పెట్టుకోవడానికి పక్కన రెండు రింగులు. సీటు రెండు అంగుళాలు కిందికి. చివరగా, "ఎనక అద్దం పెద్దది" అన్నాడు.

కారు టైర్ల సంగతి అందులో ఒక్క మాట కూడా లేదు. పంక్చర్ల సంగతీ లేదు. మేము ఎండలో చూసి కరిగిపోయిన ఆ కష్టం ఆయన లెక్కలో కష్టమే కాదు. "పంక్చరు వేసుకోవడం నాకు వచ్చు కదా అయ్యగారూ" అన్నాడు.

మెకానిక్ పెద్దాయన కొక్కెం తానే చేశాడు, డబ్బులు తీసుకోలేదు. మార్పుల కాగితాల కోసం ఆఫీసుకు తిరుగుతున్నాము, అది ఇంకా నడుస్తోంది. కారు టైర్లు రెండూ మందిరం వెనక వేపచెట్టు కింద ఉన్నాయి. ఒకదానికి సండేస్కూలు పిల్లలు తాడు కట్టి ఊయల చేసుకున్నారు. రెండోదాన్ని అమ్మగారు మల్లెచెట్టుకు పాదుగా పెట్టారు.

మొన్న గురువారం ఉదయం సహోదరుడు మా ఇంటి ముందు బండి ఆపి హారను కొట్టాడు. "లోడు వేసి చూడాల అయ్యగారూ. చేపలు పోసి చూసే ధైర్యం ఇంకా లేదు. మీరు ఎక్కండి" అన్నాడు. మేము 80 కిలోలు పైనే ఉంటాము. తొట్టిలో గోనెసంచి పరిచి కూర్చున్నాము. చేపల వాసన. లింగాలగట్టు దిగి మళ్లీ ఎక్కాము. అదే మలుపు దగ్గర ఆయన కావాలనే ఆపాడు. కొక్కెం టక్కుమని పడింది. బండి కదలకుండా నిలబడింది. మేము తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చున్నందున లోయ, కింద కృష్ణ నీళ్లు మా కాళ్ల ముందే ఉన్నాయి. రోజూ ఆయన వీపు వెనక ఉండే లోయ అది. కళ్లు మూసుకున్నాము, పెదవులు కదులుతున్నాయేమో.

ఆయన కొత్త అద్దంలో మమ్మల్ని చూశాడు. "అయ్యగారూ, కళ్లు తెరవండి. ప్రార్థన పైకి పోయినాక చేద్దాం. ఇప్పుడు తొట్టి గట్టిగా పట్టుకోండి" అన్నాడు.

పట్టుకున్నాము. కొక్కెం వదిలాడు, బండి ఎక్కింది.